గాజు గ్లాసులు దించే వేళ

మా ఇంట్లో మధ్యాహ్నం అన్నాలయ్యే వేళకు ఒక పని ఉంటుంది. సైరన్ మోగగానే అత్తమ్మ లేచి, వంటింటి గూట్లోంచి టీ తాగే గాజు గ్లాసులన్నీ దించి, గోడవార పరిచిన చాప మీద పెడుతుంది. కాసేపటికి ఇల్లు ఒక్కసారి కదులుతుంది. కిటికీ రెక్కలు టకటకలాడతాయి. ఆ వెనకే ఊరి అవతలి నుంచి ధన్‌మని శబ్దం వస్తుంది. "అయిపాయె" అంటుంది అత్తమ్మ. గ్లాసులు మళ్లీ గూట్లోకి ఎక్కుతాయి.

సత్తుపల్లి పక్కనే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ ఉంది. మేం దాన్ని ఓసీ అంటాం. బొగ్గు మీద ఉన్న రాతిని పగలగొట్టడానికి అక్కడ మందు పెట్టి పేలుస్తారు. కొత్తగా వచ్చిన చుట్టాలైతే చేతిలో అన్నం ముద్దతోనే వాకిట్లోకి పరిగెడతారు. మేం మాత్రం మజ్జిగ గిన్నె మీద మూత వేసి, మాట ఎక్కడ ఆపామో అక్కడి నుంచే ఎత్తుకుంటాం. ఎప్పుడో ఒకసారి ఒక గ్లాసు జారి పగిలిందట. అప్పటి నుంచి అత్తమ్మకు ఈ అలవాటు. తర్వాత ఇంకో గ్లాసు పగల్లేదు, అలవాటూ పోలేదు.

ఇలాంటి ఇంట్లో కూర్చుని నేను ఆన్‌లైన్ బడిలో పాఠాలు చెబుతాను. ఒక టీచరు, ఒకే పిల్ల, మధ్యలో తెర. అంతకుముందు ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. కరోనాలో ఆ బడి మూతపడింది, మళ్లీ తెరుచుకోలేదు. నలభైమంది పిల్లల్ని గద్దించిన గొంతుతో ఒక్క పిల్లతో మెల్లగా మాట్లాడటం నాకు తొందరగా పట్టుబడలేదు. మొదట్లో "సైలెన్స్!" అని అరిచి, అవతల ఉన్న ఒక్క పిల్లాడూ బిత్తరపోయి చూస్తుంటే నాలుక కరుచుకున్న రోజులున్నాయి. తరగతి గదిలో అయితే బోర్డు వైపు తిరిగి కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. ఆవలింత వచ్చినా అవతలి కళ్లకు దొరికిపోతాం.

ఆ బడికి రూల్స్ ఎక్కువ. వెనక ఖాళీ గోడ ఉండాలి. ఇంట్లో చప్పుడు ఉండకూడదు. ప్రతి క్లాసూ రికార్డు అవుతుంది. పిల్లల తల్లిదండ్రులతో ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు. కోఆర్డినేటర్ మేడమ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి కూర్చుంటుంది. ఇవన్నీ అత్తమ్మకు చెప్పిన రోజు ఆమె పప్పు రుబ్బబోతూ ఆగి, మిక్సీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"అయితే నా ఇంట్ల నేను తుమ్మొద్దా?"

"తుమ్మొచ్చు అత్తమ్మా. క్లాసు అయ్యాక."

"తుమ్ము నీ క్లాసును అడిగి వస్తదానే?"

అత్తమ్మది కారేపల్లి దిక్కు. మాట కటువు, మనసు వెన్న. ఆ రోజు నుంచి మిక్సీ పని పొద్దున్నే ముగించేది, కానీ ఆ సంగతి రోజుకొకసారి ఎత్తిపొడవకుండా వదిలేది కాదు.

ఒక వేసవి తర్వాత కోఆర్డినేటర్ మేడమ్ ఫోన్ చేసి, నాకొక కొత్త పాపను ఇస్తున్నామని చెప్పింది. హైదరాబాద్ పాప, నాలుగో తరగతి. తెలివైనదే, కానీ శబ్దాలంటే భయం. మామూలు భయం కాదు. బడిలో గంట కొడితే చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరేది. తర్వాత్తర్వాత గంట కొడతారేమోనన్న భయంతోనే పొద్దున గేటు దగ్గర వాంతులు చేసుకునేది. డాక్టర్లకు చూపిస్తున్నారు. బడి మాన్పించి ఇలా ఆన్‌లైన్‌లో చేర్చారు. మళ్లీ జూన్‌లో ఇంటి దగ్గరి చిన్న బడిలో చేర్పించాలని తల్లి ఆశ. అది జరుగుతుందో లేదో ఎవరికీ తెలియదు.

"మీ ఇంటి దగ్గర ప్రశాంతంగా ఉంటుంది కదా మేడమ్?" అని అడిగింది.

"అడవి పక్కన ఊరు మేడమ్. ఇటు పామాయిల్ తోటలు, అటు వరి మళ్లు" అన్నాను.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఓసీ సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. తీరా చూస్తే ఆ పాపకు కుదిరే సమయం మధ్యాహ్నమే. సరిగ్గా అత్తమ్మ గ్లాసులు దించే వేళ.

ఫోన్ పెట్టేశాక తల పట్టుకున్నాను. గంటకే వాంతి చేసుకునే పిల్లకు, రోజూ మందు పేలే ఊరి నుంచి టీచర్ దొరికింది! కాదంటే క్లాసు పోతుంది, అవునంటే పిల్ల అదిరిపోతుంది. ఆలోచించి ఒక ఉపాయం పట్టాను. సైరన్ మోగగానే మ్యూట్ నొక్కేస్తాను. ఆ కాసేపు పాపకు ఒక లెక్క ఇచ్చి చేసుకోమంటాను. శబ్దం వచ్చి పోయాక మళ్లీ గొంతు కలుపుతాను. అంతే కదా అనుకున్నాను.

మొదటి రోజు తెర మీద కనిపించింది. సన్నటి మొహం, రెండు జడలు, ఆ జడల మీద పెద్ద హెడ్‌ఫోన్లు. నేను చెప్పినదానికల్లా తల ఊపడం తప్ప మాట లేదు. జవాబు పలక మీద రాసి చూపించేది. నాకేమో మాట్లాడే పిల్లలతోనే అలవాటు. లోపల విసుగు పుట్టినా, ఆ పలకను రెండు చేతులతో మొహానికి అడ్డం పెట్టుకుని, అంచు మీదుగా కళ్లు మాత్రం చూపించే తీరుకు విసుగు నిలిచేది కాదు. వారం తిరగకముందే ఆ పిల్ల నాకు ముద్దొచ్చేసింది.

మ్యూట్ ఉపాయం బాగానే నడిచింది. సైరన్ మోగేది, నేను నొక్కేదాన్ని, పాప తల వంచుకుని లెక్క చేసేది, ధన్‌మనేది, నేను నవ్వు మొహంతో కూర్చునేదాన్ని. నా అంత తెలివైన మనిషి ఈ జిల్లాలో లేదనుకున్నాను.

ఒకరోజు లెక్క తొందరగా అయిపోయిందేమో, పాప తలెత్తి చూస్తోంది. ఇవతల అంతా అయింది. నేను మ్యూట్ తీసి, "ఆ, చెప్పమ్మా" అన్నాను.

అప్పుడు మొదటిసారి ఆ పిల్ల గొంతు సరిగ్గా విన్నాను. "టీచర్, మీ ఇల్లు ఎందుకు ఊగింది?"

ధ్వని ఆపాను గానీ బొమ్మ ఆపలేదు! బల్ల ఊగితే లాప్‌టాప్ ఊగుతుంది, లాప్‌టాప్ ఊగితే నేను, నా వెనక గోడ, గోడ మీది స్విచ్‌బోర్డుతో సహా ఊగుతాం. ఏళ్ల తరబడి ఊగీ ఊగీ అది ఊగడమని నాకే గుర్తులేదు. బయటి వాళ్లెవరైనా సరే ఈ సంగతి మొదటి రోజే గమనించేవారు. ఇలాంటి పొరపాటు మా ఊరి వాళ్లకే చెల్లుతుంది.

అబద్ధమాడదామనే నోరు తెరిచాను. కానీ ఆ మొహంలో భయం లేదు. కళ్లు పెద్దవి చేసుకుని, వింత మనిషిని చూసినట్టు నా వెనక గోడను చూస్తోంది. నెమ్మదిగా చెప్పాను. భూమిలో బొగ్గుందని, దాని మీద రాయుందని, రాయిని పగలగొడతారని, ముందు సైరన్ కొట్టి అందరినీ దూరం పంపిస్తారని. శబ్దం వస్తుందని కూడా చెప్పాను, నీకు వినిపించకూడదని ఆపానని కూడా.

పాప గోడ వైపే చూస్తూ అడిగింది. "రేపు కూడా ఊగుతుందా?"

"ఊగుతుంది."

"నేను చూస్తాను. సౌండ్ వద్దు."

మర్నాడు మేమిద్దరం లెక్కలు ఆపి చూశాం. సైరన్ మోగిందని చెయ్యెత్తి సైగ చేశాను. పాప తన హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని తెరకు దగ్గరగా జరిగింది. ఇల్లు ఊగింది. పాప నోరు తెరుచుకుని, తర్వాత నవ్వింది. ఆ రోజు పాఠం సరిగ్గా సాగలేదు గానీ, ఆ నవ్వు చూశాక నాకు లెక్కల మీద ధ్యాస కూడా నిలవలేదు.

ఇదంతా తలుపు చాటు నుంచి అత్తమ్మ చూస్తోందని తర్వాత తెలిసింది. మూడో రోజో నాలుగో రోజో, సైరన్‌కు కాస్త ముందు, చెప్పా పెట్టకుండా కెమెరా ముందుకొచ్చి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను గుడ్లురిమాను. వెనక ఖాళీ గోడే ఉండాలన్న రూల్ ఆమెకు నోటికి వచ్చు.

"పిల్లకు గోడ చూస్తె ఏం తెలుస్తదే? నీళ్లు చూడమను. మంచిగ కనవడ్తది."

తెర మీద పాప ఇంకా దగ్గరికొచ్చింది. "ఆమె ఎవరు టీచర్?"

"నేను నాయనమ్మను బిడ్డా. తిన్నవా?"

పాప తల ఊపింది. అత్తమ్మకు ఆ జవాబు నచ్చలేదు. "నోటితోని చెప్పు. ఏం కూర?"

"బెండకాయ."

"మంచిది. ఇగ నీళ్లు చూడు."

సైరన్ మోగింది, నేను మ్యూట్ నొక్కాను. నీళ్లు సన్నగా వణికి, అంచుల నుంచి లోపలికి గుండ్రాలు చుట్టాయి. ఆ తర్వాతే శబ్దం. నేల కదలిక ముందొస్తుంది, గాలిలో చప్పుడు వెనక వస్తుంది. ఆ సంగతి నేను బీఎస్సీలో చదివి మర్చిపోయాను. సైరన్‌కు ఎత్తిన చెయ్యి నేను చప్పుడు వచ్చాకే దించేదాన్ని. పాప రెండు రోజులు అది చూసి తనే కనిపెట్టి, నీళ్లే రెండో సైరన్ అని తేల్చింది. తర్వాత ఒకరోజు తనే అడిగింది, "కొంచెం సౌండ్ పెట్టండి టీచర్. కొంచెమే." హెడ్‌ఫోన్లు చెవులకు కాకుండా మెడలో వేసుకుంది. నేను మ్యూట్ తీశాను. నీళ్లు వణికాయి. ధన్‌మంది. పాప భుజాలు ఎగిరిపడ్డాయి, రెండు చేతులూ చెవుల దాకా వెళ్లాయి. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి గ్లాసులు సర్దుకుంటూ అత్తమ్మ గొంతు వినిపించింది: "అయిపాయె."

పాప చేతులు అక్కడే ఆగిపోయాయి. మెల్లగా కిందికి దిగాయి. "ఏమన్నారు నాయనమ్మ?"

"అయిపోయింది అంటోంది. ఇంక రాదని."

"అయిపాయె" అంది పాప, రుచి చూస్తున్నట్టు.

అదే మా పద్ధతైంది. సైరన్ మోగితే గ్లాసులు దిగుతాయి, నీళ్లు బల్ల మీదికి వస్తాయి, పాప హెడ్‌ఫోన్లు మెడలోకి జారతాయి. పేలాక ముగ్గురం కలిసి "అయిపాయె" అనుకుని భిన్నాల దగ్గరికో కోణాల దగ్గరికో తిరిగొస్తాం. పలక మీద రాసి చూపించడం మానేసింది. మాట్లాడటం మొదలుపెట్టాక చూడాలి, ఆ నోటికి అడ్డే లేదు! నేను చేసిన కూడికలో తప్పు పట్టి, "టీచర్, మీరు అన్నం తిన్నాక లెక్కలు చేయకండి" అని బుద్ధి చెప్పేది.

నెలాఖరు మాటామంతీకి తల్లి తెర మీదికొచ్చింది. ఆమె మొహం చూసి, పేలుడు సంగతి తెలిసిపోయిందనుకుని క్షమాపణలు వెతుక్కుంటున్నాను.

"మేడమ్, ఒకటి అడగాలి. మా అమ్మాయి 'అయిపాయె' అని ఏదో అంటోంది, అదేంటండీ?" అంది.

"ఎప్పుడంటోంది?"

"పక్కింటి వాళ్ల కుక్కర్ విజిల్ వేసినప్పుడల్లా." ఆవిడ నవ్వబోయి ఆగింది. "ఇదివరకు ఆ విజిల్‌కి బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకునేది మేడమ్. మేమైతే కుక్కర్ వాడటమే మానేశాం. అటక మీద పడేశాం. మొన్న మళ్లీ దింపాను."

నేను ఆవిడకు అన్నీ చెప్పేశాను. సైరన్, నీళ్లు, అత్తమ్మ, అన్నీ. ఆవిడ కోప్పడలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఆ పెద్దావిడకు నా నమస్కారం చెప్పండి" అంది. చెప్పాను. అత్తమ్మ వినీ విననట్టు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, "కుక్కర్ లేకుంట కందిపప్పు ఎట్ల ఉడకవెట్టుకున్నరో పాపం" అంది.

తల్లి కోప్పడకపోయినా బడి ఊరుకోలేదు. రికార్డింగు చూసిన కోఆర్డినేటర్ మేడమ్ ఫోన్ చేసింది. గొంతు గట్టిగా ఉంది.

"మేడమ్, మీ క్లాసులో బాంబు పేలింది. ఆ పాప సమస్య ఏంటో తెలిసి కూడా! సోమవారం నుంచి వేరే టీచర్‌కి ఇస్తున్నాం."

నా కోపం సంగతి మా వీధికంతా తెలుసు. అప్పటిదాకా అణిచిపెట్టుకున్న నలభైమంది పిల్లల గొంతు ఒక్కసారి బయటికొచ్చింది. "మార్చుకోండి! కానీ రేపు ఒక్కసారి వచ్చి క్లాసులో కూర్చోండి. మీ కళ్లతో చూశాక మార్చుకోండి" అని ఫోన్ పెట్టేశాను. ఉద్యోగం పోతే పోనీ, ఆ పిల్ల మళ్లీ పలక వెనక్కి వెళ్లిపోతుందేమోనన్నదే నా దిగులు. కొత్త టీచర్ వెనక గోడ ఊగదు, వంటింట్లోంచి గొంతు వినిపించదు. జూన్ ఎంతో దూరంలో లేదు.

ఆమె వచ్చింది. కెమెరా ఆపేసుకుని, పేరు మాత్రం కనిపించేలా మూలన కూర్చుంది. మేం దశాంశాలు చేసుకుంటున్నాం. సైరన్ మోగింది. వంటింట్లో గ్లాసుల చప్పుడైంది. అత్తమ్మ నీళ్లు తెచ్చి పెట్టింది. ఆ రోజు మంచి చీర కట్టుకుంది, ఎందుకో నేనడగలేదు. పాప హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని, మూలన ఉన్న పేరు వైపు చూసి, "మేడమ్, నీళ్లు చూడండి. ముందు నీళ్లు చెప్తాయి" అంది.

నీళ్లు చెప్పాయి. ధన్‌మంది. ఆ వేళ మామూలు కన్నా పెద్దగానే పేలింది.

"అమ్మో!" అని ఒక కేక. మాది కాదు, పాపది కాదు. ఆ వెనకే అవతల ఏదో దభీమని కింద పడిన చప్పుడు.

పాప తెరకు దగ్గరగా జరిగింది. చిన్నపిల్లను లాలిస్తున్నట్టు అంది, "భయపడకండి మేడమ్. అయిపాయె. ఇంక రాదు."

కోఆర్డినేటర్ మేడమ్ కెమెరా పెట్టింది. ముప్పై ఏళ్లు కూడా ఉండని అమ్మాయి. జుట్టు చెదిరింది, హెడ్‌సెట్ ఒక చెవికే వేలాడుతోంది. "థాంక్యూ" అంది పాపతో. సోమవారం రానే వచ్చింది, టీచర్ మారలేదు. మా క్లాసు పక్కన మాత్రం ఏదో మినహాయింపు రాసుకున్నట్టుంది, ఖాళీ గోడ రూల్ కూడా మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మా మరిది ఓసీలో పేలుడు సెక్షన్‌లోనే పనిచేస్తాడు. ఒక సెలవు రోజు భోజనానికి వచ్చాడని తెలిసి, "పేల్చే అంకుల్‌ని చూపించండి" అని పాప పట్టుబట్టింది. ఊరందరి ముందూ మీసం మెలేసే మనిషి, నాలుగో తరగతి పిల్ల ముందు షర్టు గుండీ పెట్టుకుని కూర్చున్నాడు.

"అంకుల్, మీకు భయం వేయదా?"

"నాకెందుకు భయం అమ్మా? పేల్చేది నేనే కద. ఎప్పుడు పేల్తదో నాకు ఎరుకే ఉంటది." నా వైపు ఓరగా చూసి అన్నాడు, "మా ఇంట్ల బుడగ పల్గితె మాత్రం ఎగిరి పడ్త. వదినకు చెప్పొద్దు."

పాప విరగబడి నవ్వింది. కానీ ఆ తర్వాత క్లాసంతా ఏదో ఆలోచనలోనే ఉంది.

వేసవి వచ్చేసింది. జూన్ మాట ఇంట్లో నలుగుతున్నట్టుంది, పాప మళ్లీ తల ఊపుడు జవాబులకు దిగింది. నాకూ లోపల ఏమంత బాగాలేదు. ఆ పిల్ల బడికి వెళ్లాలనే ఇంత కష్టపడ్డాం. వెళ్తే మాత్రం ఇక నా తెర మీదికి రాదు. ఒక్క పిల్లకే పాఠం చెప్పే పనిలో ఉన్న తిరకాసు ఇదే. బాగా చెబితే క్లాసు మొత్తం లేచి వెళ్లిపోతుంది.

ఒక మధ్యాహ్నం పేలుడు అయిపోయాక, దశాంశం దగ్గర చుక్క పెట్టి ఆగింది. "టీచర్, బడి గంటకు సైరన్ ఉండదు కదా."

ఇన్నాళ్లూ ఆ పిల్లను భయపెట్టింది శబ్దం కాదని నాకప్పుడు అర్థమైంది. ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. గడియారం చూసుకోవచ్చు అన్నాను. చూసుకుంటూ కూర్చుంటే పాఠం వినపడదు అంది. నిజమే.

వంటింట్లో గ్లాసులు సర్దుతున్న అత్తమ్మ బయటికొచ్చింది. "సైరన్ లేకపోతె ఏంది? నువ్వే కుయ్యి! నీకు నోరు లేదా?"

"అత్తమ్మా, బడిలో అట్లా కూస్తే ఊరుకుంటారా?" అన్నాను.

"ఎందుకు ఊకోరు? మనూళ్లె రోజూ కూస్తలేరా?"

పాప నవ్వలేదు. అత్తమ్మను చూసి, తర్వాత బల్ల మీది నీళ్లను చూసి, "అంకుల్ లాగా నేనే కొట్టొచ్చా?" అంది.

"ఏది?"

"గంట."

ఆ మాట తల్లికి చెప్పాను. ఆవిడ వెళ్లి ఆ చిన్న బడి హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడింది. ఆ బడిలో కరెంటు గంట లేదట, ఇనప ముక్కను సుత్తితో కొడతారట. గంట కొట్టే ఆయమ్మ పక్కన నిలబడి, మొదటి రోజు ఇళ్లకు వదిలే గంట పాపే కొట్టేట్టు ఒప్పుకున్నారట. మిగతా గంటలు మాత్రం మామూలుగానే మోగుతాయి. వాటిని ఎలా గట్టెక్కుతుందో ఎవరికీ తెలియదు. ఒక్కరోజు చూద్దాం, కాకపోతే మళ్లీ మీ దగ్గరికే, అంది తల్లి. కాకపోతే అన్నప్పుడు నా మనసు ఒక్క క్షణం అటే మొగ్గింది. వెంటనే నన్ను నేను తిట్టుకున్నాను.

ఆఖరి క్లాసులో పాఠమేమీ చెప్పలేదు. అత్తమ్మ, పాప కలిసి బెండకాయ మంచిదా చిక్కుడుకాయ మంచిదా అని వాదులాడుకున్నారు. తల్లి నా ఫోన్ నంబరు తీసుకుంది. "ఇక మీరు మా టీచర్ కాదు కాబట్టి రూల్ అడ్డు రాదు" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు, కానీ గుండెల్లో గుచ్చుకుంది.

బడి తెరిచిన రోజు పొద్దున్నుంచీ నా కాళ్లు ఒక చోట నిలవలేదు. వేరే పిల్లాడికి పాఠం చెబుతూ వాడి పేరు బదులు పాప పేరు పిలిచాను. అత్తమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు పని చేసుకుంటోంది, కానీ పాలకు తోడు వేయడం మర్చిపోయింది. మధ్యాహ్నం మా సైరన్ మోగింది, గ్లాసులు దిగాయి, పేలింది, గ్లాసులు ఎక్కాయి. అలవాటు కొద్దీ బల్ల మీద నీళ్లు పెట్టింది అత్తమ్మ. చూసేవాళ్లెవరూ లేరు. కాసేపు చూసి నేనే తాగేశాను. పొద్దున వాంతి చేసుకుందో ఏమో, బెంచీ కిందికి దూరిందో ఏమో, ఇంటికి తీసుకొచ్చేశారో ఏమో. ఏ కబురూ లేదు.

బళ్లు వదిలే వేళకు ఫోన్ మోగింది. వీడియో. తల్లి నడుస్తూనే చూపిస్తున్నట్టుంది, బొమ్మ ఊగుతోంది. గేటు, మెట్లు, వరండా. వరండా కొక్కేనికి వేలాడుతున్న ఇనప ముక్క, పక్కన ఆయమ్మ, మధ్యలో యూనిఫాంలో రెండు జడలు. హెడ్‌ఫోన్లు తల మీద లేవు, మెడలో ఉన్నాయి. చేతిలో సుత్తి.

పాప ఫోన్ వైపు చూడలేదు. వరండా వైపు తిరిగి, గొంతు చించుకుని, "ఊఁ..." అని పొడుగ్గా కూత పెట్టింది. తరగతుల్లోంచి తలలు బయటికొచ్చాయి.

మా వంటింట్లో గిన్నె కింద పడ్డ చప్పుడైంది. "ఇప్పుడు మళ్ల సైరనేంది! ఇందాకనే అయింది గద!" అంటూ అత్తమ్మ గబగబా గూడు దగ్గరికి వెళ్లి గ్లాసులు దించడం మొదలుపెట్టింది.

ఠంగుమంది. మళ్లీ ఠంగు. ఒకదాని వెనక ఒకటి, చేతనైనంత గట్టిగా కొట్టింది. పిల్లలంతా సంచులు తగిలించుకుని అరుస్తూ ఆమె పక్క నుంచే పరిగెత్తారు. పాప సుత్తి ఆయమ్మకిచ్చి, అక్కడే నిలబడింది. భుజాలు పైకే ఉన్నాయి. ఫోన్ వైపు తిరిగి, ఏదో వినాల్సింది మిగిలిపోయినట్టు చూస్తోంది. నాకు తెలుసు ఏం వినాలో. వంటింటి వైపు తిరిగి అత్తమ్మను పిలిచాను.

రెండు చేతుల్లో రెండు గ్లాసులతో అత్తమ్మ నా భుజం మీదుగా తొంగి చూసింది. విషయం ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అయిపాయె బిడ్డా" అంది. "ఇగ ఇంటికి పో."

పాప భుజాలు దిగాయి. "అయిపాయె నాయనమ్మా" అని, పిల్లల వెనక గేటు వైపు పరిగెత్తింది. తల్లి ఫోన్ కట్టేయడం మర్చిపోయింది. కాసేపు మాకు పరిగెత్తే కాళ్లు, దుమ్ము మాత్రమే కనిపించాయి, పిల్లల గోల వినిపించింది. ఆ తర్వాత తెర చీకటైంది. అత్తమ్మ ఇంకా ఆ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. నేనే వాటిని ఆమె చేతుల్లోంచి తీసుకుని గూట్లో పెట్టాను.